మురుగు కాలువకు ఓటు లేదు

ఎన్నికలంటే డబ్బు, గొడవలు, టెన్షన్ అనుకునేవాళ్లు మా గోదావరి డెల్టాకు వచ్చి సాగునీటి సంఘం ఎన్నిక ఒక్కటి చూడాలి. 2024 డిసెంబర్ 14న ఆంధ్రప్రదేశ్‌లో జరిగాయి కదా, మా ఊళ్లో టిఫిన్లయ్యాక మొదలై భోజనాల వేళకి దండలతో సహా ముగిసింది. బ్యాలెట్ లేదు, చేతులెత్తడమే. ఎవరు ఎటో ఊరంతటికీ తెలిసిందే, ఇంక రహస్యం ఎవరికోసం?

ఆ చేతులు కూడా ఊరికే ఎత్తారు. ఏకగ్రీవం మరి! పోటీ చేయాలంటే నీటి తీరువా బకాయి లేదని వీఆర్వో కాగితం ఇవ్వాలి. ఆ వారం వీఆర్వో గారు ఎక్కడున్నారో దేవుడికీ అధికార పార్టీ మండల నాయకుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

1997లో చట్టం తెచ్చినప్పుడు ఉద్దేశం గొప్పదే, కాలువా రైతుదే, పెత్తనమూ రైతుదే. టీసీ (ప్రాదేశిక నియోజకవర్గం, సంఘం పరిధిలో వార్డులాంటిది) సభ్యులు సంఘం అధ్యక్షుణ్ణి, ఆ అధ్యక్షులు డిస్ట్రిబ్యూటరీ (పంపిణీ కాలువ) కమిటీని, వాళ్లు ప్రాజెక్టు కమిటీని ఎన్నుకుంటారు. నీళ్లు ధవళేశ్వరం నుంచి కిందికి, అధికారం కింది నుంచి పైకి పారాలి. (మురుగు మాత్రం ఎటూ పారదు.)

ఓటు భూమి ఉన్నవాడిది. కౌలుదారుకూ చట్టంలో చోటుంది, కాకపోతే రికార్డులో పేరుండాలి. మా దగ్గర కౌలు నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం రాస్తే పొలం పోతుందని ఆసామి భయం. అంచేత ఓటు కూకట్‌పల్లిలోనో డల్లాస్‌లోనో ఉంటుంది, చేను ఇక్కడ మునుగుతుంది. మా నాలుగెకరాలు చేసే బాబాయిని "ఓటు లేదని బాధగా లేదా?" అని అడిగితే, "మునగడానికి ఓటెందుకు అబ్బాయ్" అన్నాడు. ఇంత రాజ్యాంగ జ్ఞానం నేను లాయర్ల దగ్గర కూడా చూడలేదు.

అయినా డ్రెయిన్‌కు, అదే మురుగు కాలువకు, దిక్కెవరు? ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహం ఉంది, డ్రెయిన్ తవ్వించినవాడి విగ్రహం ఎక్కడైనా చూశారా? డెల్టా డ్రెయిన్లు బాగుచేయాలని 1960ల్లోనే మిత్రా కమిటీ చెప్పింది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా (ఖరీఫ్ వరి) మానేసినప్పుడు చెప్పుకున్న కష్టాల్లో మురుగు దిగకపోవడమూ ఒకటి. పై కాలువలో నీళ్లు రాకపోతే ధర్నా చేస్తాం, కింద డ్రెయిన్ పూడితే అది పక్క ఊరి సమస్య.

అలాగని పనులు జరగవని కాదు. కాలువలకు నీళ్లు వదిలే ముందు, సరిగ్గా వానలు మొదలయ్యే వేళకి పొక్లెయిన్ దిగుతుంది. తీసిన పూడికంతా గట్టు మీదే పోస్తారు, దూరం తోలితే డీజిల్ దండగ. మొదటి వానకి ఆ మట్టి నమ్మకంగా సొంతిల్లు చేరుకుంటుంది. అప్పటికి డ్రెయిన్ నిండా నీళ్లు, లోతు ఎంత తవ్వారో ఇంజనీర్లు కొలతలు రాసే ఎం-బుక్‌కే తెలియాలి. మళ్లీ ఏడాది అదే మట్టి, అదే కొలత. ఒకే మట్టికి ఇన్నిసార్లు బిల్లు పెట్టగలగడం కూడా ఒక రకం పంట మార్పిడి అనుకోవాలి.

గెలిచిన సాయంత్రమే కొత్త అధ్యక్షుడి ఫ్లెక్సీ కట్టారు, ఎక్కడనుకున్నారు, డ్రెయిన్ వంతెన మీద. మొన్న గాలికి తాడు తెగి కింద పడింది. మునగలేదు. గుర్రపుడెక్క మీద వెల్లకిలా పడుకుని, ఆకాశానికి నమస్కారం పెడుతూ, పడినచోటే ఉంది.