సూపర్ హీరో వీడియో గేమ్ గారికి విజయనగరం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ సూపర్ హీరో వీడియో గేమ్ గారి సముఖానికి,

విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్న ఒక గుమాస్తా రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. నా కుశలం మాటకొస్తే, కుడిచేతి బొటనవేలు వాచి ఉంది. అందుకు కారకులు తమరే కనుక దాని గురించి విడిగా మనవి చేసుకోను.

1979లో అటారీ అనే ఆటల యంత్రం మీద సూపర్‌మ్యాన్‌గా కనిపించిన నాటి నుంచి తమరి వంశంలో వీరులకు కొదవ లేదు గానీ, వీరత్వానికే అప్పుడప్పుడు కరువొస్తోంది. 1999లో నింటెండో 64 మీద అదే సూపర్‌మ్యాన్‌ను తమరు ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. కొండల్ని పిండి చేయగలవాడిని పట్టుకుని, గాలిలో వేలాడే రింగుల్లోంచి సర్కసు సింహంలా దూకించారు. ఊరు నాలుగడుగుల అవతల కనిపించకపోవడానికి యంత్రం శక్తి చాలకపోవడమే కారణం కాగా, అది విలన్ కల్పించిన, సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే క్రిప్టోనైట్ పొగమంచని కథలోనే చెప్పించిన తమరి సమయస్ఫూర్తికి, ఫైలు ఎందుకు కదలలేదో చెప్పడంలో చేయి తిరిగిన మా ఆఫీసువారు కూడా నమస్కరించారు.

గాలిలో తేలడమంటే ఏమిటో మా ఊరికి తమరు నేర్పనక్కర్లేదు. విజయదశమి వెళ్ళిన మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి పూజారి 50, 60 అడుగుల సిరిమాను కొసన కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే, మాను కాస్త ఊగినప్పుడల్లా కింద నిలబడ్డవాళ్ళకు కడుపులో ఏదో జారినట్టవుతుంది. అలా జారడం నాకు ఆటలో మొదటిసారి తెలిసింది 2004 నాటి స్పైడర్‌మ్యాన్ 2లో. అంతకుముందు ఆ వీరుడి దారం నేరుగా ఆకాశానికే అతుక్కునేది. అక్కడ ఏ మేకు కొట్టి ఉంచారో తమరికే ఎరుక. ఇందులో మాత్రం దారానికి భవనం కావాలి. ఊపు పైకి లేస్తున్న క్షణంలో వదిలితే వీధి దాటిపోతాడు, రెప్పపాటు ఆలస్యమైతే గోడకు బల్లిలా కరుచుకుంటాడు, ఆ తేడా అంతా నా వాచిన వేలిలోనే ఉంది. (మా ఊళ్ళో అయితే ఆ మహానుభావుడు గంటస్తంభానికే దారం కట్టుకుని సాయంత్రం దాకా గిరగిరా తిరగవలసిందే.)

2009లో వచ్చిన బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ ఎసైలమ్‌కూ నేను రుణపడి ఉన్నాను. అందులో దెబ్బలాట తప్పెటగుళ్ళ చిందు లాంటిది: ఎదుటివాడు చెయ్యెత్తిన సూచన అందగానే మీట నొక్కాలి, కంగారుపడి టకటకా నొక్కితే లయ తప్పి పరువు పోతుంది. ఇంకా నచ్చింది ఏమిటంటే, అంతటి వీరుడూ తుపాకీ ముందు నిలవలేడు. దూలాల మీద నక్కి, ఒక్కొక్కడినే ఏరుకోవాలి. సూపర్‌మ్యాన్‌కు ఆ చిక్కు లేదు కనుక, 2006 నాటి సూపర్‌మ్యాన్ రిటర్న్స్‌లో ప్రాణం కొలిచే గీతను అతనికి కాక ఊరికి పెట్టారు. ఆట అంతంతమాత్రమే అయినా, ఊరు చస్తే వీరుడు ఓడినట్టన్న ఆ ఆలోచనకు తమరిని మెచ్చుకోకుండా ఉండలేను.

ఇక నా అసలు ఫిర్యాదు. వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి ఇనుపగొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి తెంచేవారు. ఏనుగును గుండెల మీద ఎక్కించుకునేవారు. ఆయన మొదటి రోజు పురికొస మాత్రం తెంపి, గొలుసు తెంపాలంటే ఇంకా పన్నెండు నైపుణ్య పాయింట్లు కావాలనీ, ఏనుగు విడిగా అమ్మకానికి ఉందనీ ప్రకటించి ఉంటే, టిక్కెట్టు కొన్నవాళ్ళు డేరా గుంజలు పీకి ఉండేవారు. తమరు చేస్తున్నది అదే. 2020 నాటి మార్వెల్స్ అవెంజర్స్‌లో వీరుల బట్టలు అమ్మారు. మరుసటి ఏడు అనుభవాన్ని (ఆడినకొద్దీ వచ్చే పాయింట్లను) త్వరగా పెంచే సరుకు కూడా డబ్బుకు పెట్టి, జనం తిట్టిపోశాక వెనక్కి తీసుకున్నారు. చివరికి 2023 సెప్టెంబరు 30 తర్వాత ఆటనే అంగట్లోంచి తీసేశారు. అనుభవం డబ్బుకు దొరికేదే అయితే మా సెక్షన్‌లో ప్రమోషన్ల తగాదా ఎప్పుడో తీరిపోయేది.

నేను మూడు రాత్రులు మేలుకుని దించుకున్న ఒక ఆటలో (పేరు చెప్పను, మర్యాద) సందు చివర దొంగను ఇరవైసార్లు గుద్దినా పడలేదు, వాడి లెవెల్ నాకంటే ఎక్కువట. పక్కనే కూర్చున్న మా మేనల్లుడు, "ఈడేటి మావయ్యా, ఇన్ని తిన్నా లేచొచ్చేస్తన్నాడు, అసలు ఈరుడు ఈడేనేటి?" అన్నాడు. ఆ ప్రశ్నను జవాబు కోసం యథాతథంగా తమరికి సమర్పిస్తున్నాను. 2005 నాటి హల్క్ ఆటలో కారును రెండుగా చీల్చి పిడికిళ్ళకు తొడుక్కునే ఏర్పాటు చేసింది తమరే. ఆ రేకు చిరిగే చప్పుడు చేయగలిగిన తమరికి నా చేత లెక్కలు చేయించవలసిన అవసరమేమిటి? 2015 నాటి బ్యాట్‌మ్యాన్ ఆట ఆర్కమ్ నైట్‌లో రిడ్లర్ అనే విలన్‌ను పట్టడానికి 243 పొడుపుకథలూ పోటీలూ ముగించమన్నారు. అన్ని రసీదులు ఏరుకునే ఓపికే ఉంటే నాకు ఆడిటులోనే మంచి పేరుండేది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడైన ఆటగాడు

తాజా కలం: ఈ ఉత్తరం రాయడానికి పాత ప్లేస్టేషన్ 2లో స్పైడర్‌మ్యాన్‌ను ఒక మేడ అంచున నిలిపి వచ్చాను. కింద వీధిలో ఒక పిల్లవాడి బెలూను చేజారిందట. దొంగలు లేరు, పాయింట్లకూ ఆశ లేదు, అయినా అన్నం వడ్డించారని పిలుస్తుంటే లేవలేకపోతున్నాను.