ఫ్రీజరు క్రిముల్ని చంపదు, తీపిని పుట్టించదు: పుల్ల ఐసు మెసేజీకి జవాబు

ఎండలు ముదిరేసరికి మన ఉత్తరాంధ్ర వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. పొద్దున్న శ్రీకాకుళంలో ఒకరు పెడితే సాయంత్రానికి రాజాం, బొబ్బిలి, పలాస దాకా పాకేస్తుంది. అందులో ఉండేది ఇదీ: "బండి మీద ఐసు కొనకండి, ఇంట్లోనే రెండు గంటల్లో చేసుకోండి. ఏ పండు రసమైనా పర్లేదు, పంచదార అక్కర్లేదు. కుళాయి నీళ్ళు కలిపినా భయం లేదు, ఫ్రీజర్లో క్రిములు చస్తాయి. చిటికెడు ఉప్పు వేస్తే త్వరగా గడ్డ కడుతుంది, వేడిగా పోస్తే ఇంకా త్వరగా. అచ్చు నిండా పోయండి. ఏడాదిలోపు పిల్లలకైతే తేనె కలపండి. అచ్చు లేకపోతే ఇత్తడి గ్లాసు చాలు. చివర్లో వేడినీళ్ళలో ముంచి లాగితే సరి."

ఇంట్లో చేసుకోమన్నంత వరకూ మంచి మాటే. పండు రసం వాడమన్నదీ మంచిదే. మిగతా వాటిలో రెండు మాత్రం పిల్లల ఆరోగ్యం మీదికి తెచ్చేవి. ముందు వాటి సంగతి చూద్దాం.

"ఫ్రీజర్లో క్రిములు చస్తాయి." చావవు. చలికి వాటి పెరుగుదల ఆగుతుంది, అంతే. టైఫాయిడ్ తెచ్చే బాక్టీరియా, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ ఐసుగడ్డలో బతికే ఉంటాయి. నోట్లో ఐసు కరిగిన వెంటనే మళ్ళీ మామూలే. నాగావళి నీళ్ళు కుళాయిలో వచ్చినవైనా, పెరట్లో బోరువైనా, ఐసులోకి వెళ్ళే ప్రతి చుక్కా తెర్లి కాగాలి. బుడగలు పైకి తన్నుకొస్తూ ఒక నిమిషం మరిగితే చాలు. తర్వాత మూతపెట్టి చల్లార్చండి. పుచ్చకాయని కోసే ముందు తొక్కని రుద్ది కడగాలి, ఎందుకంటే తొక్క మీది మట్టి కత్తితోపాటు గుజ్జులోకి దిగుతుంది. పుల్లల్ని మరిగే నీళ్ళలో వేసి, అవే నీళ్ళలో అరగంట నాననివ్వండి. శుభ్రమూ అవుతాయి, నీళ్ళు తాగి బరువెక్కి రసంలో పైకి తేలకుండా నిలబడతాయి కూడా.

"ఏడాదిలోపు పిల్లలకి తేనె." ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ మెసేజీని ముందుకు పంపకండి. పన్నెండు నెలలు నిండని పిల్లలకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తలేవు, పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. గడ్డ కట్టించినా, కాచినా ఆ బీజాలు చావవు. అసలు ఆ వయసు పిల్లలకి పుల్ల ఐసే వద్దు.

ఇక పంచదార. ఎక్కువ ఇళ్ళల్లో ఐసు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

ఉత్త పుచ్చకాయ రసం పోసి, రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, మర్నాడు తీసి చూడండి. కొరికితే రాయిలా ఉంటుంది. చప్పరిస్తే రెండు నిమిషాలకి రంగు, రుచి అంతా నోట్లోకి దిగిపోయి, పుల్లకి తెల్లటి నీళ్ళగడ్డ మిగులుతుంది. రసం గడ్డకట్టేటప్పుడు ముందుగా అందులోని నీళ్ళు మాత్రమే స్ఫటికాలవుతాయి. పంచదార, పులుపు, రంగు అన్నీ ఆ స్ఫటికాల మధ్య సందుల్లోకి పాకంలా చేరతాయి. పాకం తక్కువగా ఉండి, గడ్డకట్టడం మెల్లగా సాగితే, స్ఫటికాలు పెద్దవై సూదుల్లా తయారవుతాయి. వాటి మధ్య ఉన్న కాస్త పాకాన్నీ నోటితో ఇట్టే పీల్చేయొచ్చు. పంచదార సరిపడా ఉంటే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి, కొరికితే విరుగుతాయి.

దీనికి తోడు చల్లదనంలో నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది. గ్లాసులో తాగినప్పుడు సరిగ్గా ఉన్న రసం ఐసుగా మారాక చప్పగా అనిపిస్తుంది. అందుకని పోసే ముందు రుచి చూస్తే "కొంచెం తీపి ఎక్కువైందే" అనిపించాలి.

లెక్కకొస్తే, పండులోని తీపి, మనం వేసే పంచదార కలిపి మొత్తం బరువులో 16 నుంచి 18 శాతం ఉండాలి. 25 శాతం దాటితే మాత్రం ఐసు మెత్తబడి, అచ్చులోంచి తీసేటప్పుడు పుల్ల ఒక్కటే చేతికొస్తుంది. ఆరు గడుల అచ్చు, ఒక్కో గడి 70 మిల్లీలీటర్లు అనుకుందాం. నిమ్మ ఐసుకి కాచి చల్లార్చిన నీళ్ళు 300 మి.లీ., పంచదార 70 గ్రాములు, నిమ్మరసం 40 మి.లీ. కావాలి, అంటే మూడు మోస్తరు కాయలు. పుచ్చకాయ రసం 350 మి.లీ.కి పంచదార 35 గ్రాములు, రెండు చెంచాల నిమ్మరసం. ఉద్దానం బొండాం నీళ్ళలో తీపి మనం అనుకునేదానికన్నా తక్కువ, 350 మి.లీ.కి 45 గ్రాములైనా పడుతుంది. లేత కొబ్బరి ముక్కలు నాలుగు వేస్తే ఇంకా బాగుంటుంది. బాగా పండిన సువర్ణరేఖ గుజ్జు 250 గ్రాములకి నీళ్ళు 100 మి.లీ., పంచదార 20 గ్రాములు చాలు. పీచున్న మామిడైతే జల్లెడ పట్టండి. కాటా లేనివాళ్ళకి ఒక కొలత: గీతగా చదును చేసిన పెద్ద చెంచా పంచదార సుమారు 12 గ్రాములు.

పంచదార బదులు బెల్లం పాకం వేసుకోవచ్చు, వడకట్టి వేయండి. పెద్దవాళ్ళ కోసమే అయినా తేనెతో జాగ్రత్త. అందులోని చక్కెరలు పంచదారకన్నా ఎక్కువగా గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి, అదే బరువు వేస్తే ఐసు మెత్తగా జారుతుంది.

"చిటికెడు ఉప్పు వేస్తే త్వరగా గడ్డ కడుతుంది." పాత ఐస్‌క్రీం బకెట్లో ఉప్పు వేయడం చూసినవాళ్ళు ఈ మాట పుట్టించి ఉంటారు. అక్కడ ఉప్పు పడేది రసంలో కాదు, అచ్చు చుట్టూ ఉన్న ఐసులో. రసంలో వేసిన ఉప్పు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. 400 మి.లీ. నీళ్ళలో ఒక గ్రాము ఉప్పు వేస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత 0.15 డిగ్రీలు కిందికి దిగుతుంది. చిటికెడుతో పెద్ద నష్టం లేదు, నిమ్మ, మామిడి ఐసుల్లో రుచికి బాగుంటుంది కూడా. వేగం మాత్రం పెరగదు.

వేగమే కావాలంటే ఉప్పుని దాని చోట వాడండి. కరెంటు కోతల రోజుల్లో ఫ్రీజరు కన్నా ఇదే నమ్మకం. ఒక బకెట్లో మూడు కిలోల ఐసు నలగ్గొట్టి, కిలో కల్లుప్పు పొరలు పొరలుగా చల్లండి. మనకి నౌపడ ఉప్పు ఉండనే ఉంది, మెత్తటి ఉప్పు కన్నా ఈ గళ్ళుప్పే మేలు, మెల్లగా కరుగుతూ చలిని నిలుపుతుంది. ఈ మిశ్రమం సున్నాకి దిగువన 15, 18 డిగ్రీలదాకా వెళ్తుంది. విడి విడి స్టీలు అచ్చుల్ని అందులో దించితే సుమారు గంటలో గట్టిపడతాయి. చల్లటి గాలి కన్నా చల్లటి ఉప్పునీళ్ళు అచ్చులోంచి వేడిని చాలా త్వరగా లాగేస్తాయి మరి. ఉప్పునీళ్ళు అచ్చు మూతికి అంగుళం కిందే ఉండాలి. చేపల కోసం చేసే ఐసు దిమ్మ వాడితే దాని నీళ్ళు ఒక్క చుక్క కూడా లోపలికి చేరకూడదు, అచ్చు బయటికి తీయగానే మంచినీళ్ళతో కడిగేయండి. ఒట్టి చేతులతో ఆ బకెట్లో కలపొద్దు, వేళ్ళు చచ్చుబడతాయి.

"వేడిగా పోస్తే త్వరగా గడ్డ కడుతుంది." దీని వెనక ఒక నిజమైన కథ ఉంది. 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడిపిల్లవాడు ఐస్‌క్రీం కోసం కాచిన పాలని చల్లార్చకుండా ఫ్రీజర్లో పెడితే, అవి మిగతావాళ్ళవాటికన్నా ముందే గడ్డకట్టాయి. డెనిస్ ఆస్బోర్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరుతో కలిసి 1969లో దాన్ని ప్రచురించాడు కూడా. అప్పట్నించి శాస్త్రవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు, ప్రతిసారీ జరుగుతుందని ఎవరూ తేల్చలేదు.

మన వంటింటి లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. 400 మి.లీ. రసాన్ని 30 డిగ్రీల నుంచి గడ్డకట్టించడానికి ఫ్రిజ్ సుమారు 44 వేల క్యాలరీల వేడి లాగాలి. అదే 80 డిగ్రీల దగ్గర పెడితే ఇంకో 20 వేలు. అంటే దాదాపు ఒకటిన్నర రెట్ల పని. ఈలోగా ఆ ఆవిరి ఫ్రీజరు గోడలకి మంచుపొరై పేరుకుంటుంది, పక్కనున్న చేపో మాంసమో మెత్తబడుతుంది. గిన్నెని చల్లటి నీళ్ళ పళ్ళెంలో పెట్టి, తర్వాత గంటసేపు ఫ్రిజ్ కింది అరలో ఉంచి, అప్పుడు అచ్చులో పోస్తే స్ఫటికాలూ చిన్నవవుతాయి.

ఇక రెండు గంటలన్నది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో 70 మి.లీ. ఐసుకి ఐదారు గంటలు పడుతుంది, తలుపు మాటిమాటికీ తీస్తే ఎనిమిది. రెండు గంటలకి తీస్తే అంచులు గట్టిగా, నడిమధ్య గుజ్జుగా ఉంటుంది. మూతలేని అచ్చుకి పుల్ల గుచ్చాల్సిన సమయం మాత్రం సరిగ్గా అదే. మూడింట రెండు వంతులు లోపలికి దిగాలి. తడి అచ్చుని నేరుగా ఫ్రీజరు అడుగున పెట్టకండి, రేకుకి అతుక్కుపోతుంది. కత్తితో పెళ్ళగిస్తే రేకులోని గొట్టానికి కన్నం పడి గ్యాసు పోతుంది, ఐసు కోసం ఫ్రిజ్ పోయినట్టే. కింద పొడి స్టీలు పళ్ళెం వేయండి.

"అచ్చు నిండా." నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతాయి. 70 మి.లీ. గడిలో 64 పోసి ఆపండి, పైన చిన్నవేలి గోరంత జాగా ఉంటుంది. నిండా పోస్తే మూత లేచి, గడులన్నీ పైన ఒకే పలకగా అతుక్కుంటాయి.

ఇత్తడి గ్లాసు వద్దు. బుడితి ఇత్తడి పనికి ఎంత పేరున్నా, కళాయి లేని ఇత్తడిలో నిమ్మ, మామిడి, చింతపండు లాంటి పులుపు గంటల తరబడి ఉంటే రాగి దిగుతుంది. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉన్న స్టీలు గ్లాసు బాగా పనికొస్తుంది. నిట్టనిలువు గోడలున్నది ఐసుని వదలదు. గాజుది పగులుతుంది.

మెసేజీలో లేనిది, అందరూ అడిగేది సేమియా ఐసు. అర లీటరు పాలు 350 మి.లీ. అయ్యేదాకా కాచి, దోరగా వేయించిన సేమియా 20 గ్రాములు, పంచదార 45 గ్రాములు వేసి, సేమియా మెత్తబడేదాకా ఆరేడు నిమిషాలు ఉడికించండి. సేమియాలోని గంజి పాలని చిక్కబరిచి పాకాన్ని పట్టి ఉంచుతుంది, అందుకే ఇది చప్పరించినా తెల్లగడ్డగా మిగలదు. సేమియా అడుగుకి దిగుతుంది కాబట్టి తినేటప్పుడు ఐసు కొనలోనే ముద్దగా తగులుతుంది. చాలామందికి కావాల్సిందీ అదే. ఐసంతా సమంగా పరుచుకోవాలంటే పాలు బాగా చల్లబడి చిక్కబడ్డాక పోయండి. బెల్లం వేసేవాళ్ళు పాలు చల్లారాకే వేయండి, వేడిలో విరిగిపోవచ్చు. సీతంపేట అనాస ముక్కలు పాలలో పచ్చివి వేస్తే చేదెక్కుతాయి, ముందు ఐదు నిమిషాలు ఉడకబెట్టాలి. కరెంటు పోయి కరిగి గోరువెచ్చగా అయిన పాల ఐసుని మళ్ళీ గడ్డ కట్టించకండి, పారబోయండి.

చివరిది, వేడినీళ్ళలో ముంచడం. వేడికి ఐసు పైపొర ఒక్కసారిగా కరిగి, పుల్ల చుట్టూ వదులై, పుల్ల చేతిలో, ఐసు అచ్చులో ఉండిపోతాయి. వేసవి మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కూడా దాదాపు వేడినీళ్ళే, కుళాయి కింద పట్టడం కూడా తప్పే. కుండలోని నీళ్ళు ఒక గిన్నెలోకి తీసి, అచ్చుని మూతి కిందిదాకా 20 సెకన్లు ఉంచండి. పుల్లని మెలితిప్పకుండా నిటారుగా, మెల్లగా లాగండి. రాకపోతే ఇంకో పది సెకన్లు ఆగండి. అచ్చు గోడ నుంచి ఐసు విడిపోయిన చోట రంగు కాస్త ముదురుగా, తడిగా మెరుస్తుంది. ఆ మెరుపు అడుగుదాకా దిగాక లాగితే ముక్క విరగకుండా వస్తుంది.