తాతగారి ఊరు అప్పుడు ఏ జిల్లా?

ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మామ్మ పెట్టెలో 1931 నాటి క్రయ దస్తావేజు ఒకటి ఉంది. నీలం సిరా, గొలుసుకట్టు తెలుగు. మడత పడిన చోటల్లా చిరిగింది. అందులో ముత్తాత పేరు వెంకటస్వామి. అదే భూమికి ఒడియా పట్టా తీయించి ఎన్నిసార్లు చూసినా ఆ పేరు కనిపించలేదు. ఒడియా మీడియంలో చదివిన మా మేనల్లుడు ఒక్క చూపులో పట్టేశాడు. అక్కడ 'బెంకటస్వామి' అని ఉంది. ఒడియాలో మన 'వ'కు మామూలుగా 'బ' రాసేస్తారు. పేరు పక్కన 'పి' అని ఉంటే అది ఇంటిపేరు కాదు, 'పిత'. ఆ తర్వాత వచ్చేది తండ్రి పేరు.

మన సరిహద్దు కుటుంబాల్లో జ్ఞాపకం కంటే ముందు తెగిపోయింది లిపి. ఆ తర్వాత జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా, గుణుపురం విశాఖపట్నం జిల్లా. ఇప్పుడు పర్లాకిమిడి ఉన్న గజపతి, గుణుపురం ఉన్న రాయగడ జిల్లాలు 1992లో వచ్చాయి. పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపే మిగిలి, 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరింది. అంటే ఒకే ఇంటి అన్నదమ్ముల కాగితాలు రెండు రాష్ట్రాల్లో ఉండొచ్చు. అందుకే పూర్వీకుల్ని వెతికేటప్పుడు తాతగారి పేరు కంటే ముందు, ఆ ఏడాదికి ఆ ఊరు ఏ జిల్లా, ఏ తాలూకానో రాసుకోవాలి. ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. జనాభా లెక్కల మీద ఆశ వద్దు, మనుషుల వివరాలు బయటికి ఇవ్వరు.

నేను ఎక్కువగా నమ్మేది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుని. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, ఫీజు కడితే ఒకటో పుస్తకాన్నీ (భూములు, ఇళ్ల దస్తావేజులు ఎక్కించే రిజిస్టరు) దాని ఇండెక్సునీ ఎవరైనా చూడొచ్చు. ఒక ఆఫీసులో 'మీకేం సంబంధం' అని నన్ను వెనక్కి పంపేశారు. సెక్షన్ నంబరు వేసి అర్జీ పెట్టాక పుస్తకం తీశారు. నకలు చేతికొస్తే అందరూ అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు చూసి పక్కన పెట్టేస్తారు. అసలు చదవాల్సింది హద్దులు. పంపకాలయ్యాక దాయాదుల భూములు పక్కపక్కనే ఉంటాయి కదా. తూర్పున ఫలానా వారి పొలం, ఉత్తరాన ఫలానా వారి దొడ్డి అని రాసిన చోటే మరిచిపోయిన చిన్నతాతలు దొరుకుతారు.

ఇంకో చిక్కు, మనవడికి తాత పేరు పెట్టే మన అలవాటు. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. తండ్రి పేరు, ఏడాది కలిపి చూడకపోతే ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు. ఆబ్దికం పెట్టే ఇళ్లలో గోత్రంతో పాటు మూడు తరాల పేర్లు చెబుతారు, వాటితో సరిచూసుకోవచ్చు.

ఆ దస్తావేజుని మామ్మ చేత చదివించి ఫోన్లో రికార్డు చేశాను. తూర్పు హద్దు దగ్గర ఆగిపోయింది. "ఈయన మా మామగారి తమ్ముడు. బర్మా వెళ్లి మరి రాలేదు" అంది. ఆ పేరు మా ఇంట్లో అంతకుముందు ఎవరి నోటా వినలేదు.