డాక్టర్ చీటీ అక్కర్లేదంటే మందు కాదనా?

మొన్న నాకు జలుబు, జ్వరం, తలనొప్పి మూడూ కలిసి వచ్చాయి. జలుబు మాత్ర పూటకొకటి చొప్పున మూడు వేసుకున్నా. జ్వరం దిగట్లేదని జ్వరం మాత్రలు రెండు, తల పగిలిపోతోందని తలనొప్పివి ఇంకో రెండు. రాత్రి నిద్ర పట్టక మూడు షీట్లూ ముందేసుకుని, ఫోన్ లైటు వేసి వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదివితే తెలిసింది, మూడింట్లోనూ ఉన్నది పారాసెటమాలే. జలుబు మాత్రలో 500 మిల్లీగ్రాములు, జ్వరం మాత్రలో 650, తలనొప్పి మాత్రలో 325. వేసుకున్న ఏడు మాత్రలూ కూడితే 3,450. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4,000 దాటకూడదు. దాటకపోవడం నా తెలివేం కాదు, తలనొప్పి షీటులో అవే ఆఖరి రెండు మాత్రలు, అంతే.

దీన్ని ఒకరిద్దరికి చెబితే "ఏం కాలేదుగా, ఎందుకంత టెన్షన్" అన్నారు. అసలు సంగతేంటంటే ఈ మందు ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కాస్త వికారం, అది కూడా ఉంటే. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండో రోజో మూడో రోజో బయటపడుతుంది. విరుగుడు ఉంది, అసిటైల్‌సిస్టీన్ అని, కానీ ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అంటే మనం "ఏం కాలేదుగా" అనుకుని దుప్పటి కప్పుకుని పడుకునే ఆ గంటలే అసలైన గంటలు.

మా అమ్మది ఇంకో కథ. థైరాయిడ్ మాత్ర ఏళ్ళుగా క్రమం తప్పకుండా వేసుకుంటుంది, అయినా రిపోర్టు సరిగ్గా రాదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టర్ అడిగితే "అబ్బే, ఏం లేవండీ" అంది. పక్కనున్న నేను "మరి రోజూ పొద్దున్నే చప్పరించే ఆ గ్యాస్ బిళ్ళ?" అన్నా. నా వైపు చూసిన చూపు చూడాలి! "అది మందేంటే, ఊరికే గ్యాస్ బిళ్ళ." అందులో ఉండే కాల్షియం థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వదట, రెండింటి మధ్యా కనీసం నాలుగు గంటలు తేడా ఉండాలట. అమ్మకేమో అరగంట తేడా.

మన దగ్గరున్న రోగం ఇదే. డాక్టర్ చీటీ రాస్తే "అమ్మో ఇన్ని మాత్రలా, సైడ్ ఎఫెక్ట్స్ వస్తాయేమో" అని సగం మానేస్తాం. చీటీ లేకుండా కొన్నదయితే అసలు మందుల లెక్కలోకే రాదు. బీపీ మాత్ర అలవాటైపోతుందని భయపడి ఎగ్గొట్టే మనిషే మోకాళ్ళకని ఐబుప్రొఫెన్ నెలల తరబడి మింగుతాడు. అదే బీపీని పెంచగలదు, కడుపులో పుండు చేయగలదు, కిడ్నీలని ఇబ్బంది పెట్టగలదు. ముక్కు చుక్కలైతే ఇక చెప్పక్కర్లేదు. కొద్ది రోజులే వాడమని డబ్బా మీదే ఉంటుంది, కానీ వాడేకొద్దీ అవే ముక్కుని మళ్ళీ మూసేస్తాయి, మళ్ళీ చుక్కలు, మళ్ళీ దిబ్బడ.

ప్రతి తుమ్ముకీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తమని నేను అనట్లేదు. సొంత వైద్యం మహాపాపం అన్నట్టు క్లాసులు పీకే పోస్టులంటే నాకూ చిరాకే. అర్ధరాత్రి పిల్లాడి ఒళ్ళు కాలిపోతుంటే ఇంట్లో సిరప్ ఉండటం ఎంత ధైర్యమో అమ్మానాన్నలని అడగండి (అదీ వంటింటి చెంచాతో కాకుండా, దాంతో వచ్చే కొలతమూతతో పోస్తే). నా కోపం వేరే. బ్రాండ్ పేరు బొప్పాయి కాయంత, మందు పేరు ఆవగింజంత. ఒకే బ్రాండ్ పేరు మీద జలుబుకొకటి, నొప్పికొకటి, దగ్గుకొకటి, లోపల మందులు మాత్రం వేరు వేరు. మనమూ తక్కువ తినలేదు, "ఆ ఎర్ర షీటు ఇవ్వండి" అని కొంటాం. పనిచేస్తుందో లేదో కూడా పట్టదు. జలుబు మాత్రల్లో ముక్కుదిబ్బడ కోసం వేసే ఫినైలెఫ్రిన్, నోటి ద్వారా వేసుకుంటే పనిచేస్తుందనడానికి ఆధారాల్లేవని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఎన్నేళ్ళుగా మింగుతున్నామో!

ఒకసారి మందుల షాపతను నన్ను "ఇంకేమైనా వాడుతున్నారా" అని అడిగితే, "ఏంటండీ ఈ ఇంటర్వ్యూ" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. పాపం అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

ఇప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి షీటు మీదా లోపలి మందు పేరు మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టా. నిన్న అమ్మ ఫోన్ చేసి, పక్కింటావిడకి నడుం నొప్పట, నా మాత్ర ఒకటి ఇవ్వనా అంది. ముందు షీటు వెనక్కి తిప్పి ఏముందో చదువు అన్నా. కళ్ళజోడు కనపడట్లేదే, తర్వాత చేస్తా అని పెట్టేసింది.