బోఫ్ బోర్డు గారికి, మీ మార్కర్లు మోసిన వాలంటీరు రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ తెల్లబోర్డు గారికి,

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. మీ క్షేమం సంగతి అడగక్కర్లేదు, మీ కుడికాలి చక్రం ఊడినప్పుడు దాని కింద మడిచి పెట్టిన అట్టముక్క నాదే.

ఏ ఊరి సభో, ఏ ఏడాదో ఇందులో రాయను. రాస్తే మళ్ళీ నన్నే వాలంటీరుగా వేస్తారు. ఓపెన్ సోర్స్ మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాళ్ళు కలుసుకునే సభ, అంతవరకు చాలు. రిజిస్ట్రేషన్ బల్లకీ టీ కౌంటర్‌కీ మధ్య మిమ్మల్ని నిలబెట్టి, నెత్తిన "బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్" అని రాసి, కింద గదులకీ టైములకీ గళ్ళు గీసి, నా చేతిలో నాలుగు మార్కర్లూ ఒక డస్టరూ పెట్టి, కమిటీ పెద్దాయన ఒక మాటన్నారు: "నువ్వు చేసేదేం లేదు బాబూ, ఇది దానంతటదే నడిచిపోతుంది."

దానంతటదే! ఆ మాట మీరూ విన్నారు. ఒక్క ముక్క మాట్లాడలేదు.

ముందు మీ పేరు సంగతి తేల్చుకుందాం. మనవైపు కూడా ఒకే గూటి పక్షులు అంటాం, కాకపోతే ఎక్కువగా ఇద్దరు దొంగలు ఒకేసారి దొరికినప్పుడు. పూర్తి పేరు పలికే ఓపిక లేక అందరూ బోఫ్ అంటారు. ఇంటికి ఫోన్ చేసి "సాయంత్రం బోఫ్ ఉందమ్మా, లేటవుతుంది" అంటే, "ఇప్పుడు సోఫా ఎందుకురా, ఉన్నది బానే ఉందిగా" అంది మా అమ్మ. రచ్చబండ అని పెట్టుకుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఎజెండా ఉండదు, స్లైడ్లుండవు, ఒకే బాధ పడే నలుగురు చేరి ఆ బాధ గురించి మాట్లాడుకోవడం, అంతేగా! కాకపోతే రచ్చబండ చెట్టు కింద ఉంటుంది, ఆ చెట్టెక్కడో ఊళ్ళో అందరికీ తెలుసు. మీరు చూపించే రచ్చబండ మూడో అంతస్తులో 3బీ గదిలో ఉంటుంది. భూగోళం మొత్తాన్ని కొలిచే మనుషులు ఆ గది దొరక్క మెట్ల మీద తిరుగుతుంటే, ఎవరైనా గీయగలిగే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ భవనానికి లోపలి గదులు ఎవరూ గీయలేదని ఇద్దరు అక్కడే మెట్ల మీద కూర్చుని గీయడం మొదలెట్టారు. సాయంత్రానికి మూడు అంతస్తులూ పూర్తి చేశారు. బోఫ్‌కి మాత్రం రాలేదు.

వేళాకోళం పక్కన పెడితే, సభలో అసలు సరుకు మీ దగ్గరే ఉంటుందని నేనూ ఒప్పుకుంటా. ఈ సాఫ్ట్‌వేర్లకి పెద్దదిక్కయిన ఓఎస్‌జియో ఫౌండేషన్ పుట్టింది 2006లో, ఆ ఏడాదే లోజాన్‌లో ఫాస్‌ఫోర్‌జీ అనే వాళ్ళ ప్రపంచ సభ జరిగింది. మధ్యలో 2012లో బీజింగ్‌ది, 2020లో కాల్గరీది రద్దయినా, దారుస్సలాం, ప్రిజ్రెన్, బెలేం, ఆక్లండ్ అంటూ ఆ తిరనాళ్ళు ఖండాలు దాటి తిరుగుతూనే ఉంది. మీ చుట్టాలు అక్కడ కూడా మూలమూలనా నిలబడే ఉంటారు. మ్యాపుల సమాచారం దాచే పోస్ట్‌జీఐఎస్‌లో 2001 నుంచి, మ్యాపులు గీసే క్యూజీఐఎస్‌లో 2002 నుంచి, ఆ కోవదే అయిన గ్రాస్‌లోనైతే ఏకంగా 1982 నుంచి పేరుకుపోయిన చిక్కుముళ్ళున్నాయి. ముడి వేసినాయనా, ఆ ముడితో ఆఫీసులో రోజూ చచ్చిపోతున్న మున్సిపాలిటీ ఉద్యోగీ ఒకే బల్ల దగ్గర కూర్చునేది ఏడాదికి ఆ ఒక్క గంట. మెయిళ్ళలో మూడు నెలలు నలిగిన తగువు ఆ గంటలో "అరె, మీరనేది ఇదా" అని తేలిపోవడం నా కళ్ళతో చూశా. అందుకే మీ మీద నాకింత కోపం.

మొదటి రోజు పది నుంచి పన్నెండు వరకు మీ మీద ఒక్క గీత పడలేదు. పెళ్ళిలో మొదటి బంతికి ఎవరూ లేవరు చూడండి, అదే మొహమాటం. అందరూ వస్తారు, టీ కప్పుతో నిలబడి ఖాళీ గళ్ళు చదువుతారు, తల ఊపుకుంటూ వెళ్ళిపోతారు. ఇక లాభం లేదని నేనే ఎడమచేత్తో, చేతిరాత తెలియకుండా, "పాత టోపోషీట్ల స్కానింగ్, 5:30" అని రాశా, టోపోషీట్లంటే ఎత్తుపల్లాలతో సహా గీసిన సర్వే మ్యాపు కాగితాలు. అరగంటలో మీ ఒళ్ళంతా నిండిపోయింది, అందరికీ 5:30 కావాల్సిందే, ఒకరి గడిలో ఇంకొకరు బాణం గుర్తులు వేసి జొరబడ్డారు, గ్రాస్ అన్న మాట చూసి భవనం మేనేజరు వచ్చి "గడ్డి కోయించాలా సార్" అని నన్నడిగాడు. సాయంత్రం టోపోషీట్ల గదికి పన్నెండు మంది వచ్చి, పెట్టినాయన ఎవరని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నేనే వెళ్ళి కూర్చున్నా. టోపోషీట్ల గురించి నాకు తెలిసింది, అవి చుట్ట చుట్టుకుపోతాయని. అది చెప్పా. గంటసేపు బ్రహ్మాండంగా నడిచింది.

అదే సమయానికి 20 కుర్చీల గదిలో క్యూజీఐఎస్ వాళ్ళు 70 మంది, కిటికీలు పట్టుకు వేలాడుతున్నారు. పక్కన 100 కుర్చీల హాల్లో మెటాడేటా (సమాచారం గురించిన సమాచారం) మీద చర్చకి ఇద్దరు, అందులో ఒకాయన నిద్రపోతున్నారు. చర్చ పెట్టినాయనే ఆయన.

రెండో రోజు కమిటీకి జ్ఞానోదయమైంది. అనౌపచారిక చర్చలకు నాలుగు పేజీల నిబంధనలు వచ్చాయి. ముందే ఫారం నింపాలి, మోడరేటరు పేరు రాయాలి, "ఆశించిన ఫలితాలు" అనే గడి తప్పకుండా నింపాలి. ఫారాలు నింపినవాళ్ళు ఇద్దరే, అందులో ఒక పెద్దమనిషి 46 స్లైడ్లు పట్టుకొచ్చాడు. ఇది రచ్చబండా, హరికథా అని అడగాలనుకున్నా, మెడలో ఉన్న వాలంటీరు ట్యాగు ఆపింది. మిగతావాళ్ళంతా టీ కౌంటర్ దగ్గరే నిలబడి, అక్షాంశం ముందు రాయాలా రేఖాంశం ముందు రాయాలా అన్న దాని మీద పడ్డారు. జియోజేసన్ అనే ఫైలు పద్ధతిలో రేఖాంశం ముందు, ఈపీఎస్‌జీ 4326 అని నంబరేసిన అక్షాంశ రేఖాంశాల లెక్కలో అక్షాంశం ముందు. తేలిగ్గా తీసేయకండి, మన హైదరాబాదు 17.4, 78.5 కదా, ఆ రెండూ తారుమారైతే చార్మినార్ వెళ్ళి ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచులో పడుతుంది, ఇరానీ చాయ్ అక్కడ మరీ అవసరం. లైట్లార్పేసేదాకా కొట్టుకున్నారు. మీ మీద ఒక్క అక్షరం రాయకుండా జరిగిన ఆ సభే ఆ రోజుకి పెద్దది.

ఇప్పుడు నా సొంత గోడు. ఆ ఫారాలు నింపిన ఇద్దరిలో రెండోవాణ్ణి నేనే. "మ్యాపుల మీద తెలుగు, తదితర లిపులు" అని పెట్టా. విషయం తెలియనివాళ్ళ కోసం చెబుతా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి తెలుగు పేరు పెట్టడానికి "నేమ్" పక్కన రెండు చుక్కలు, తర్వాత "టీఈ" అనే ట్యాగు ఉంది, ఓపికున్నవాళ్ళు ఊరూరికీ నింపుతున్నారు. తీరా దాన్ని బ్రౌజర్లో కదిలే వెక్టర్ మ్యాపు (గీతలూ పేర్లూ అక్కడికక్కడే గీసే మ్యాపు) మీద చూద్దామంటే, దాన్ని గీసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు చాలాకాలంగా, కంప్యూటర్ అక్షరాలకిచ్చే ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో బొమ్మ తెచ్చి పక్కపక్కన పేర్చే పద్ధతిలో నడిచాయి. ఇంగ్లీషుకి అది చాలు. మన శ్రీకాకుళానికి మాత్రం క్రారవడి ఊడిపోయి, శ పక్కన పొల్లు, దాని పక్కన ర, ఆ పక్కన దిక్కులేని గుడిదీర్ఘం. ఊరు పేరు చదువుతున్నట్టుండదు, రోడ్డు మీద యాక్సిడెంట్ చూస్తున్నట్టుంటుంది.

ఆరుగురు వచ్చారు. అందులో ఒకాయన ఫోన్ ఛార్జింగ్‌కి వచ్చాడు, ఆ గదిలో ప్లగ్గు పనిచేస్తుందని. మిగతా ఐదుగురిలో కంబోడియా ఆయన ల్యాప్‌టాప్ తిప్పి ఖ్మేర్ చూపించాడు, బంగ్లాదేశ్ అమ్మాయి బెంగాలీ చూపించింది, ఒకరి లిపి ఒకరికి రాకపోయినా ఎక్కడ విరిగిందో అందరికీ కనిపించింది. ఆ గంటలో మేం అనుకున్నది చిన్న పని: ప్రతి భాషలో సాఫ్ట్‌వేర్‌ని ముప్పుతిప్పలు పెట్టే ఊరి పేర్లు పదేసి రాసి ఒక్కచోట చేర్చుదాం, ఎవరు ఏ మార్పు చేసినా ముందు వాటితో పరీక్షించుకుంటారని. కాగితం ఎవరి దగ్గరా లేదు. గదిలోంచి కిందికొచ్చి మిమ్మల్ని గోడవైపు నుంచి తిప్పి, మీ వీపు మీద రాశాం. ద్రాక్షారామం, శ్రీకాళహస్తి, జగ్గయ్యపేట, ఒంటిమిట్ట... నావి నేను రాస్తుంటే ఖ్మేర్ ఆయన నా భుజం మీంచి చూసి "ఇది లిపా, ముగ్గా" అన్నాడు. నాకు భలే గర్వంగా అనిపించింది.

పొద్దున వచ్చి చూస్తే మీ వీపు తళతళా మెరుస్తోంది. శుభ్రం చేసే ఆవిడ రాత్రి తడిగుడ్డతో తుడిచేసింది, ఆమెనేం అంటాం, ఆమె పని ఆమె చేసింది. నేను తీసిన ఫొటోలో ఛార్జింగ్ ఆయన మోచెయ్యి, దాని పక్కన "ద్రాక్షా" వరకు ఉంది. మీరు గదా అండీ చూసుకోవాల్సింది!

తుడిచినా చెక్కుచెదరనిది మీ ముందువైపు ఒకటుంది. మొదటిరోజు మధ్యాహ్నం ఎవరో మహానుభావుడు "షేప్‌ఫైల్‌కి పెద్దకర్మ ఎప్పుడు? గది 3బీ, 5:30" అనే అర్థం వచ్చేట్టు సరదాకి రాసి పోయాడు. షేప్‌ఫైలంటే మ్యాపుల సమాచారం దాచుకునే పాతకాలపు ఫైలు పద్ధతి. రాసింది పర్మనెంట్ మార్కరుతో. డస్టర్‌తో రుద్దా, శానిటైజర్ పోసి రుద్దా, పోలేదు. కాబట్టి మొదటిరోజు 5:30కి జనం వచ్చారు, రెండోరోజు కమిటీ నిబంధనలకి లొంగకుండా మళ్ళీ వచ్చారు, మూడోరోజు వీడ్కోలు సభ మానేసి మరీ వచ్చారు. మొత్తం సభలో మూడురోజులూ నడిచిన ఒకే ఒక్క బోఫ్ అది, దానికి పెట్టినవాడు లేడు, మోడరేటరు లేడు. కమిటీ పెద్దాయన గుమ్మంలోంచి తొంగి చూసి "చెప్పలా, దానంతటదే నడుస్తుందని" అన్నారు.

మూడోరోజు నేనూ వెళ్ళి కూర్చున్నా. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు 10 బైట్లు దాటకూడదు, అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది, కాబట్టి "ఊరు" అని పెడితే పడుతుంది, "జిల్లా" అని పెడితే పట్టదు అని చెప్పా. అందరూ ఘొల్లున నవ్వారు. దీని బదులు వాడుకోదగ్గ జియోప్యాకేజ్ 2014 నుంచీ ఉంది కదా, ఇంకా దీన్ని ఎందుకు మోస్తున్నామని ఒకరంటే, మా ఆఫీసువాళ్ళు అడిగేది అదే ఫైలు మరి అని నలుగురన్నారు. ఖ్మేర్ ఆయన తన లిపిలో ఏమేం పడతాయో, ఏవి పట్టవో చెప్పాడు, బెంగాలీ అమ్మాయి అందుకుంది, నిన్న చెరిగిపోయిన పేర్లలో కొన్ని మళ్ళీ బయటికొస్తున్నాయి. ఎవరైనా రాసుకుంటున్నారేమో అని చుట్టూ చూశా. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మార్కర్లన్నీ నా జేబులో ఉన్నాయి.

ఇట్లు,
మీ డస్టరు.

తా.క.: పర్మనెంట్ మార్కరు ఆ నాలుగింటిలోదే అని కమిటీకి మీరు గానీ చెప్పొద్దు. అట్టముక్క మీరే ఉంచుకోండి.