నర్సుల కాగితాలకు గడువు పెట్టండి

విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సుకు అక్కడి లైసెన్సు కావాలి, దానికి ముందు ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. ఆ మార్కులకు ఆయుష్షు రెండేళ్లే. ఐఈఎల్‌టీఎస్ అయినా, నర్సులు, డాక్టర్లు రాసే ఓఈటీ అయినా లైసెన్సు ఇచ్చేవాళ్లు మామూలుగా అంతకంటే పాత మార్కులు తీసుకోరు. కావలిలోనో దర్శిలోనో ఉండే ఒక నర్సు పగలంతా డ్యూటీ చేసి, రాత్రిళ్లు చదివి ఆ మార్కులు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఆమె చేతిలో ఉండేది చాలా తక్కువ. చదివిన కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదువు వివరాల పత్రం పంపాలి. నర్సింగ్ కౌన్సిల్ ఆమె రిజిస్ట్రేషన్ నిజమేనని రాసి పంపాలి. పనిచేసిన ఆసుపత్రి ఆమె అనుభవాన్ని ధ్రువీకరించాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా అన్నీ ఆగుతాయి. ఆ రెండేళ్లు మాత్రం ఆగవు. గడువు దాటితే మళ్లీ పరీక్ష, మళ్లీ ఫీజు, ఇంట్లో మళ్లీ టెన్షన్.

విదేశాల్లో నర్సు లైసెన్సు అనగానే అందరికీ గుర్తొచ్చేది పరీక్షే. అది కష్టం కాదని మేము అనడం లేదు. అమెరికా వాళ్లు పెట్టే ఎన్‌క్లెక్స్ కంప్యూటర్ మీద ఐదు గంటల పరీక్ష. మన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న తేలిక కావడమో కఠినం కావడమో జరుగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు వస్తున్నాయి. రోగి పరిస్థితి చెప్పి, ముందు ఏం చేస్తావని అడిగే ప్రశ్నలు కాబట్టి బట్టీ పడితే లాభం లేదు. ఫీజు 200 డాలర్లు, మన దేశంలో కూర్చుని రాసేవాళ్లకు పైన మరో 150. చెన్నైలో సెంటర్ ఉంది, ఒంగోలులోనో నెల్లూరులోనో పినాకిని రైలెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. పరీక్ష తప్పితే 45 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. అంటే ఆ పరీక్షకు ఒక లెక్క ఉంది, ఒక తేదీ ఉంది. మన దగ్గర కదలాల్సిన కాగితానికి ఆ రెండూ లేవు. మా బాధ అదే.

కాగితం ఎలా కదలాలో చూడండి. విదేశీ నర్సుల చదువును పరిశీలించడానికి అమెరికాలో 1977 నుంచి సీజీఎఫ్‌ఎన్‌ఎస్ అనే సంస్థ ఉంది. 2025లో దాని పేరు ట్రూమెరిట్ అయింది. అభ్యర్థి తన సర్టిఫికెట్లు తానే పంపితే వాళ్లకు చాలదు. కాలేజీ నుంచి నేరుగా రావాలి, కౌన్సిల్ నుంచి నేరుగా రావాలి. మెడిసిన్, సర్జరీ, కాన్పులు, పిల్లల వైద్యం, మానసిక వైద్యం, ఈ ఐదింటిలోనూ క్లాసులో ఎన్ని గంటలు చదివింది, వార్డులో ఎన్ని గంటలు పనిచేసింది విడివిడిగా చూపాలి. ఎనిమిదేళ్ల కిందటి బ్యాచ్ రికార్డు బయటికి తీసి, గంటలు లెక్కగట్టి, సంతకాలు, స్టాంపులు వేయడం ఆఫీసులో ఒకరికి ఒక పూట పని. ఆ పూట పని కోసం ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లను ‘రేపు రామ్మా’ అని తిప్పుతుంటే, లేదా కవరు చేతులు మారడానికి ఇంత అని అడుగుతుంటే, దాన్ని చిన్న విషయమని మేము అనుకోలేం.

ఇంకొన్ని కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లే పట్టుకుని కూర్చుంటున్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఆ బాకీ నువ్వు కట్టి తీసుకెళ్లు అంటున్నాయి. ప్రభుత్వం పడిన బాకీకి కూలి చేసుకునే తండ్రి పూచీ ఎలా అవుతాడు? బకాయిలు విడుదల చేయాల్సింది ప్రభుత్వం, అవి వచ్చేదాకా పిల్లల సర్టిఫికెట్లను తాకట్టు వస్తువుల్లా చూడకుండా ఉండాల్సింది యాజమాన్యాలు. ఈ విషయంలో ఇద్దరిదీ తప్పే.

విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టారు. రెండూ ఒకే విశ్వవిద్యాలయమని మనకు తెలుసు. ఫిలడెల్ఫియాలోని ట్రూమెరిట్ ఆఫీసులో ఫైలు చూసే మనిషికి ఎలా తెలుస్తుంది? డిగ్రీ మీద ఒక పేరు, ఆ తర్వాత తీసుకున్న ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఇంకో పేరు ఉంటే వివరణ లేఖ కావాలి. 2014 విభజనకు ముందు రిజిస్టర్ అయిన సీనియర్ నర్సుల రికార్డులు ఉమ్మడి రాష్ట్రం నాటివి. ఏ కాగితం హైదరాబాద్‌లో అడగాలి, ఏది విజయవాడలో అడగాలి అన్నది నలభై దాటిన మనిషి తిరిగి తిరిగి తెలుసుకోవాల్సిన సంగతి కాకూడదు. ఒక పేజీలో రాసి వెబ్‌సైట్‌లో పెడితే సరిపోతుంది.

పేర్ల గొడవ ఇంకొకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు. ఎన్‌క్లెక్స్ సెంటర్‌లో పాస్‌పోర్టు మీది పేరు, పరీక్షకు అనుమతిచ్చిన పత్రం మీది పేరు ఒకటిగా లేకపోతే లోపలికే పంపరు. నర్సింగ్‌లో చేరిన మొదటి ఏడాదే ఈ సంగతి చెప్పే టీచరు ప్రతి కాలేజీలో ఒక్కరుంటే ఎంత మేలో.

గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్ల సర్టిఫికెట్లను డేటాఫ్లో అనే సంస్థ మూలం దగ్గరే ఆరా తీస్తుంది. కాలేజీని అడుగుతుంది, పనిచేసిన ఆసుపత్రినీ అడుగుతుంది. మన నెల్లూరు పొగతోట సందుల్లోని చిన్న నర్సింగ్ హోముల్లో ఎంతమంది నర్సులకు అపాయింట్‌మెంట్ లెటర్ ఉంది? జీతం చేతికిచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకునే చోట, మూడేళ్లు రాత్రింబవళ్లు చేసిన పనికి సాక్ష్యం ఉండదు. ఈమెయిల్ వస్తే జవాబిచ్చేవాళ్లూ ఉండరు. కరోనా రోజుల్లో ఇదే నర్సులను దేవతలన్నాం. వాళ్లు ఇప్పుడు అడుగుతున్నది లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు.

కాగితాలు ఆగే ఈ సందుల్లోకే ఏజెంట్లు దూరుతున్నారు. వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు ఒక్కొక్కరి దగ్గర తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. అంతకు మించి లక్షల్లో అడిగితే అది తప్పని తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. డబ్బు కంటే పెద్ద మోసం, నిజం దాచడం. ఎన్‌క్లెక్స్ పాసైతే అమెరికా వెళ్లినట్టే అని చెబుతారు. నర్సులకు గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-3 కోటాలో భారత్‌లో పుట్టినవాళ్ల వరుస పదేళ్లు దాటిందని చెప్పరు. అదే ఎన్‌క్లెక్స్ కెనడాకూ ఆస్ట్రేలియాకూ పనికొస్తుందని, ఆస్ట్రేలియా అయితే దాని తర్వాత అక్కడే ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంటుందని చెప్పరు. బ్రిటన్‌కు ఇక్కడ రాసే కంప్యూటర్ పరీక్ష ఒకటి, అక్కడికెళ్లి చేసే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఇంకొకటి. జర్మనీకి ముందు వాళ్ల భాష నేర్చుకోవాలి, బీ2 స్థాయి దాకా. ఏ దారి ఎంత దూరమో ముందే తెలిస్తే పొలం తాకట్టు పెట్టాలా వద్దా అన్నది ఆ కుటుంబమే తేల్చుకుంటుంది.

అందరూ వెళ్లిపోతే మన రోగులను ఎవరు చూస్తారని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు కాగితాలు ఆపడంలో లేదు. ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని అదే ఏడాది సిఫార్సు చేసింది. ధరలు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. ఆ పాత అంకె కూడా అందుకోని నర్సులు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నారు. వాళ్లను ఉండమని అడిగే హక్కు ముందు జీతం సరిచేసినవాళ్లకే ఉంటుంది.

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. దేశంలో రిజిస్టరైన నర్సులకు ప్రత్యేక నంబరు ఇచ్చే వ్యవస్థ ఇప్పటికే ఉంది. 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా ఆన్‌లైన్ రిజిస్టరు ఉండాలనే చెబుతోంది. అలాంటప్పుడు రిజిస్ట్రేషన్ నిజమేనని చెప్పడానికి కౌన్సిల్‌కు పదిహేను రోజులు చాలు. ఆ గడువును రాతపూర్వకంగా ప్రకటించాలి. దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఫోన్‌లో చూసుకునే వీలుండాలి. కాలేజీలకూ అంతే గడువు పెట్టి, దాటితే జరిమానా వేయాలి. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సొంత సంస్థ ఉంది. అది నెల్లూరులో, ఒంగోలులో ఒక్కో మనిషిని కూర్చోబెట్టినా ఏజెంటు గుమ్మం తొక్కేవాళ్లు తగ్గుతారు.

అది జరిగేలోగా రెండు జిల్లాల కలెక్టర్లు చేయగల పని ఒకటుంది. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ జరుగుతూనే ఉంది. నర్సుల సర్టిఫికెట్ల కోసం అక్కడే ఒక టేబుల్ వేయించాలి. ఒరిజినల్స్ ఇవ్వని కాలేజీ ప్రతినిధినీ, అనుభవ పత్రం ఇవ్వని ఆసుపత్రి మేనేజరునూ ఆ టేబుల్ దగ్గరికి పిలిపించి, కాగితం ఏ రోజు ఇస్తారో ఆ నర్సు ముందే రాయించుకోవాలి.