సవరణ: ఒట్టోమాన్ సైనికుల బొమ్మలకు ఎర్ర ఫెజ్ గురించి

ఒట్టోమాన్ (పాత టర్కీ సామ్రాజ్యపు) సైనికుల చిన్న బొమ్మలకు రంగులు వేయడం గురించి గత పోస్టులో చెబుతూ, "ఒట్టోమాన్ బొమ్మలకు ఎర్ర ఫెజ్ (అంచు లేని కుచ్చు టోపీ) వేయొద్దు" అని రాశాను. ఆ మాట మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో టర్కీలోని గల్లిపోలి దగ్గర పోరాడిన పదాతిదళానికి మాత్రమే వర్తిస్తుంది. దాన్ని అన్ని కాలాలకూ పట్టించి, కొందరు 1897 గ్రీకు యుద్ధం బొమ్మలకు కూడా ఖాకీ వేస్తున్నారు. ఆ యుద్ధంలో సైనికుల దుస్తులు ముదురు నీలం, తలపై ఎర్ర ఫెజ్. అక్కడ ఎరుపే సరైనది.

ఖాకీ 1909 నిబంధనలతో వచ్చింది. అయినా 1912లో బాల్కన్ యుద్ధం మొదలయ్యే నాటికి అందరికీ అందలేదు. రిజర్వు దళాల్లో పాత నీలం కోట్లు ఇంకా కనిపించేవి. ఆ యుద్ధానికి బొమ్మల సైన్యం తయారు చేసేవాళ్లు రెండు రంగులూ ధైర్యంగా కలపొచ్చు. నాకైతే ఆ కలగాపులగమే అందంగా అనిపిస్తుంది.

గల్లిపోలి విషయానికొస్తే, తలకు కబలాక్ అనే గుడ్డ టోపీ ఉండాలి. అప్పటి ఒట్టోమాన్ యుద్ధ మంత్రి ఎన్వర్ పాషా పేరు మీద దాన్ని ఎన్వరియే అని కూడా అంటారు. గుడ్డతో చేసిందే కాబట్టి ఇనుప హెల్మెట్‌లా మెరుపు రానివ్వకండి, మ్యాట్ వార్నిష్ వేయండి. అధికారులకు కల్పాక్ అనే గొర్రెపిల్ల చర్మపు టోపీ కూడా ఉండేది. దానికి నలుపు మీద ముదురు బూడిద రంగును పొడి బ్రష్‌తో లాగితే ఉన్ని చక్కగా తేలుతుంది.

ఇంకొకటి: ఖాకీ మొత్తం ఒకే షేడ్‌లో వద్దు. యుద్ధం సాగేకొద్దీ బట్టకు కరువొచ్చింది. ఆకుపచ్చ ఛాయ నుంచి గోధుమ రంగు దాకా మూడు మిశ్రమాలు కలుపుకుని, బొమ్మకో రకంగా వేయండి.